కథ ఆపకూడని చోటు

కోదాడ
సర్వజిత్తు, కార్తీక శుద్ధ తదియ

చిరంజీవి తమ్ముడు జానయ్యకు అక్క సక్కుబాయి దీవెనలు. నువ్వు, మరదలు దేవమ్మ చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం తెచ్చిన ఈదయ్యను నువ్వు ఎరుగుదువు, చింతపండు బండి తోలేవాడు. ఉత్తరంతో పాటు బండిలో నుంచి ఇంకొక శాల్తీ కూడా దిగుతుంది. అది నీ మేనల్లుడు పాండు. ముందుగా చెప్పకుండా పంపినందుకు కోపం తెచ్చుకోకు. టపాలో వేస్తే మధ్యలో చించి చదువుతున్నారట. మళ్ళీ అంటించే మర్యాద కూడా మానేశారట. నువ్వు రాసేది కూడా ఇకమీదట ఈదయ్య చేతికే ఇవ్వు.

ఇక్కడి సంగతి చెబుతాను. ఈడొచ్చిన పిల్లలు ఒకరి వెనక ఒకరు ఊళ్ళో కనపడకుండా పోతున్నారు. కొందరు సరిహద్దు దాటి పోయారంటారు, కొందరు గుట్టల్లోకి పోయారంటారు. పోయినవాళ్ళ ఇళ్ళకు లారీ వస్తుంది. అందులో వచ్చేవాళ్ళ పేరు రాయను, నీకు తెలుసు. అనంతగిరిలో ఉప్పలమ్మ కొడుకు కోసం వచ్చి, వాడు దొరక్కపోతే గడ్డివామి తగలబెట్టి పోయారు. ఆవిడ ఇప్పటికీ ఆ బూడిద ఎత్తకుండా దాని ముందు కూర్చుంటున్నది.

పాండుకు ఇరవై రెండు నిండినాయి. కోపం వాళ్ళ నాయనది, మొండితనం నాది. రెండూ ఒకడికే వస్తే ఎట్లా ఉంటుందో నువ్వే ఆలోచించు. మొన్న లారీ పోతుంటే వాడు పళ్ళు కొరకడం నేను చూసినాను. ఆ రాత్రి నాకు కన్ను అంటలేదు. నాకున్నది వాడొక్కడే, తమ్మీ.

నీ దగ్గర భజన ఉంది, పురాణం ఉంది. మన నాయన నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పినట్టు వాడికి నేర్పు. దేవుడి ముందు తల వంచడం అలవాటైనవాడు మనుషుల ముందు తల ఎగరెయ్యడు. వాణ్ణి భయభక్తులతో ఉంచు. ఈ గండం గట్టెక్కితే వాడపల్లి నరసింహస్వామికి వాడి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నాను. నీది కూడా కలిపి మొక్కేదాన్ని గానీ, ఆ నాలుగు వెంట్రుకలకు స్వామి నవ్వుతాడని ఊరుకున్నాను.

నీ అక్క
సక్కుబాయి


సూర్యాపేట
27 నవంబరు 1947

అక్కకు జానయ్య నమస్కరించి రాసుకునేది. పాండు క్షేమంగా చేరినాడు. నువ్వు మూటగట్టి పంపిన అప్పడాలు మాత్రం క్షేమంగా చేరలేదు, వాడూ ఈదయ్యా దారిలోనే తినేశారు.

వాణ్ణి నా మిషను పక్కనే కూర్చోబెట్టుకుంటున్నాను. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం చేస్తున్నాడు. ఈ మధ్య మిషను ఖాళీగా ఉండటం లేదు. ఖాకీ గుడ్డ తాన్లకు తాన్లు వస్తున్నది. కుడుతున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టగానే భజన గుడికి తీసుకుపోతున్నాను. మొదటి నాలుగు రోజులు వాడు స్తంభానికి ఆనుకుని హాయిగా నిద్రపోయినాడు. గజేంద్రుణ్ణి మొసలి పట్టినా లేవలేదు, విష్ణుమూర్తి దిగివచ్చినా లేవలేదు, ప్రసాదం పంచే వేళకు మాత్రం లేచినాడు. గుడి ఊడ్చే యాదమ్మ ముసలిది, "ఈ పిలగానికి ఆకలి జర ఎక్కువున్నట్టున్నది, భక్తి ఇగ మెల్లగ వస్తది తియ్యి" అని అందరినీ నవ్వించింది.

ఒకనాడు ఇంటికి వస్తూ, సగం నిద్రలో విన్నాడేమో, నన్నడిగినాడు, "మామా, నిన్న కథ పొద్దుపోంగనె ఆపకపోతివి, ఇంక జర్రసేపు సాగదీస్తివి, ఎందుకు?" అని. అప్పుడు నాయన పెట్టిన నియమం చెప్పినాను. నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుకు కథ ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు. కథలో మనిషి కష్టంలో ఉండగా హారతి ఇచ్చి లేచిపోతే ఆ కష్టం విన్నవాళ్ళ వెంట ఇంటికి వస్తుంది. ఎంత పొద్దుపోయినా సరే, వాణ్ణి ఒక ఒడ్డుకు చేర్చి, ఒక పెళ్ళో, ఒక వరమో, కనీసం కడుపునిండా ఒక భోజనమో చెప్పి ఆపాలి. పాండు ఈ మాట చాలా శ్రద్ధగా విన్నాడు. అక్కా, నిద్రపోయేవాడు ఆ మరునాటి నుంచి నిద్రపోవడం లేదు.

దిగులు పెట్టుకోకు. వాడు నా కళ్ళ ముందే ఉన్నాడు.

తమ్ముడు
జానయ్య


కోదాడ
కార్తీక బహుళ అష్టమి

తమ్ముడు జానయ్యకు దీవెనలు.

నీ ఉత్తరం చదివి మనసు కుదుటపడింది. మిషను ఖాళీ లేదన్నావు, అది ఇంకా సంతోషం. దేవమ్మ పెళ్ళయినప్పటి నుంచి అడుగుతున్న చీర ఇప్పుడైనా కొనిపెట్టు. ఖాకీ ఎవరికి కుడుతున్నావు, బస్సు డ్రైవర్లకా? గుడ్డ మోటుగా ఉంటుంది, సూది విరగకుండా చూసుకో.

నేను కూడా ఇక్కడ ఊరికే లేను. మిరపకాయలు తొడిమలు తీసే ఆడవాళ్ళను పోగేసి, నాయన చెప్పిన కథలు గుర్తున్నమటుకు చెబుతున్నాను. నీ అంత గొంతు లేదు గానీ నా కథలో పిల్లలు ఏడవరు, నీ కథలో నీ గొంతుకే ఏడుస్తారు. మొదట మొక్కు కోసం మొదలుపెట్టినాను. నేను ఇన్ని కథలు చెబితే స్వామి నా కొడుకును చూడకపోతాడా అని. ఈ రెండు మూడు రోజులుగా కథ చెబుతున్నంతసేపు మొక్కు సంగతే గుర్తు రావడం లేదు. అదేమిటో నాకే తెలియదు.

లారీ మళ్ళీ వచ్చి పోయింది. ఈసారి మా వీధిలోకి. పాండు ఏడని అడిగినారు. మేనమామ దగ్గర బట్టలు కుట్టడం నేర్చుకుంటున్నాడని చెప్పినాను. సూర్యాపేటలో ఏ వీధి అని కూడా అడిగినారు, చెప్పినాను. దాచడానికి మనం ఏం దొంగతనం చేసినాం గనక.

అక్క
సక్కుబాయి


సూర్యాపేట
14 డిసెంబరు 1947

అక్కకు నమస్కారం.

వీధి పేరు చెప్పకుండా ఉంటే బాగుండేది. పోనీలే, చెప్పినావు. ఇకముందు ఎవరడిగినా నాకు తెలియదు అను.

పాండు గురించి రాస్తాను. నువ్వు అడిగినది జరిగింది, అడిగినదానికంటే ఎక్కువే జరిగింది. ఇక్కడికి వచ్చిన గిరాకీ ఒకాయన కోటు ఆలస్యమైందని వాడి చెంప మీద కొట్టినాడు.  ఆ వచ్చినవాడు అటువంటివాడు. పాండు లేచి నిలబడ్డాడు. తరువాత వంగి, కింద పడ్డ టేపు తీసి, "చెయ్యి ఎత్తుండ్రి, కొలత మళ్ళొకసారి చూస్త" అన్నాడు. ఆ మనిషి చెయ్యి ఎత్తినాడు. కోదాడలో పళ్ళు కొరికినవాడు ఇతడేనా అనిపించింది.

ఆ సాయంత్రం ప్రహ్లాదుని మాట వచ్చింది. "మామా, తండ్రి గన్ని బాధలు పెట్టినా ప్రహ్లాదునికి కోపమెందుకు రాలె?" అన్నాడు. తండ్రిలో ఉన్నది కూడా ఆ నారాయణుడే గదా అన్నాను. ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న జవాబు, నోటికి అలవాటుగా వచ్చేస్తుంది.  వాడు, "గట్లయితే నన్ను కొట్టినాయనల గూడ ఉన్నడు. ఇగ నేనెవరికి భయపడాలె?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నాకు భయం వేసింది. నేను ఇంతకాలం కథ చెప్పినాను, వాడు కథ విన్నాడు. ఈ రెండూ ఒకటి కావని నాకు ఇప్పుడు తెలుస్తున్నది. వాడికి కోపం పోయింది అక్కా. భయం కూడా పోయింది.

ఎల్లుండి ధనుర్మాసం మొదలు. ఈ నెల ప్రహ్లాదుని కథే చెప్పమని అందరూ అడుగుతున్నారు. వేరే కథ చెబుదామని నాకున్నది, ఎందుకో రాయలేను. పాండు ఒప్పుకోవడం లేదు. నాకంటే ముందు తర్వాతి మాట అందిస్తున్నాడు, మొత్తం కంఠతా వచ్చేసింది.

జానయ్య


కోదాడ
మార్గశిర శుద్ధ నవమి

తమ్ముడికి దీవెనలు.

నా కొడుకుకు కోపం పోయిందని రాసినావు చూడు, ఆ ముక్క మా ఆడవాళ్ళందరికీ చదివి వినిపించినాను. భయం పోయిందని నువ్వు దిగులుగా రాసినావెందుకు? అది ఇంకా మంచిది. పదేళ్ళు వచ్చేదాకా దొడ్లోకి పోవాలన్నా నన్ను తోడు రమ్మని కొంగు పట్టుకునేవాడు. దయ్యాల భయం రామనామంతో పోతుందని నాయన ఊరికే అనలేదు.

గిరాకీ కొట్టినాడన్నావు. కోటు ఆలస్యం చేస్తే కొట్టరా మరి, నువ్వు చిన్నప్పటి నుంచి ఆలస్యమే. ప్రహ్లాదుని కథే చెప్పు, ఇంకొకటి వద్దు. మన ఇంటి వేల్పు కథ అది. నేను కూడా ఇక్కడ అదే మొదలుపెడుతున్నాను. కోదాడలో తల్లి, సూర్యాపేటలో కొడుకు ఒకే వేళకు ఒకే కథలో ఉంటారు. నాకు ఆ ఆలోచనే పండుగలా ఉన్నది.

సక్కుబాయి


సూర్యాపేట
30 డిసెంబరు 1947

అక్కకు నమస్కారం.

అందరం బాగున్నాం. నీతో ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎట్లాగూ ఈదయ్య చెబుతాడు. నిన్న కథ మధ్యలో ఆపవలసి వచ్చింది. ప్రహ్లాదుణ్ణి కొండ మీది నుంచి తోసే చోట. నాకు ఉన్నట్టుండి గొంతు పట్టేసింది, మాట పెగల్లేదు. అంతే, వేరే ఏమీ లేదు. హారతి కూడా ఇవ్వకుండా అందరినీ పంపించినాను. చలికాలం కదా, గొంతులు పట్టేస్తాయి.

కొన్నాళ్ళు భజన గుడి తీయడం లేదు. గోడలకు సున్నం వేయిస్తున్నాం.

పాండు నాతో సరిగా మాట్లాడటం లేదు. కథ అట్లా వదిలినందుకు వాడికి మనసులో బాధగా ఉన్నది. నాలుగు రోజులు పోతే వాడే మరచిపోతాడు. నువ్వు దీని గురించి ఏమీ ఆలోచించకు, ఏమీ రాయకు.

జానయ్య


కోదాడ
మార్గశిర బహుళ నవమి

జానయ్యా,

ఏమీ రాయకు అంటే ఎట్లా ఊరుకుంటాననుకున్నావు? పసివాణ్ణి కొండ మీది నుంచి తోసి, గాలిలో వదిలేసి, నువ్వు ఇంటికి పోయి అన్నం ఎట్లా తిన్నావు? కింద భూదేవి చేతులు చాచి పట్టుకుంటుందని ఒక్క మాట, ఒక్క మాట అని హారతి ఇస్తే నీ గొంతు తెగిపోయేదా? నాయన జ్వరంతో మూలుగుతూ కూడా సీతమ్మను లంకలో వదిలి లేవలేదు. తెల్లారేదాకా చెప్పి, హనుమంతుడు ఉంగరం చేతికి ఇచ్చినాకనే పడుకున్నాడు. ఆయన కడుపున పుట్టి నువ్వు చేసిన పని ఇది.

నా కొడుకు నీ ఇంట్లో ఉన్నాడు. గాలిలో ఉన్న ఆ పిల్లవాడి కష్టం ఎవరి వెంట వస్తుంది? నీకు పిల్లలు లేరు గనక నీకు తట్టలేదు. ఈ మాట అనవలసింది కాదు, అన్నాను. కొట్టివేస్తే కాగితం పాడవుతుంది గనక ఉంచుతున్నాను.

సున్నం వేస్తే వేయనీ, దేవుడికి సున్నం అంటదు. ఈ ఉత్తరం అందిన రోజే గుడి తీయించి కథ పూర్తి చెయ్యండి. నీ గొంతు బాగాలేకపోతే పాండు చెబుతాడు, వాడికి అంతా వచ్చునని నువ్వే రాసినావు గదా. ఎవరు అడ్డం వచ్చినా, ఏ పని ఉన్నా సరే, ఆ పిల్లవాణ్ణి నేల మీదికి దించి, స్తంభం పగిలి స్వామి వచ్చేదాకా చెప్పమను. ఇది తల్లి మాట అని పాండుకు చెప్పు.

సక్కుబాయి


సూర్యాపేట
9 జనవరి 1948

అక్కా,

ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. పాండును తీసుకుపోయినారు. మిర్యాలగూడలో వాళ్ళ క్యాంపులో ఉన్నాడని తెలిసింది. ప్రాణంతో ఉన్నాడు. ముందు ఆ మాట రాసి, మిగిలినది రాస్తున్నాను.

నా గొంతుకు ఏమీ కాలేదు. ఆ రోజు కథ మధ్యలో లారీవాళ్ళు వచ్చి గుడి గుమ్మంలో నిలబడ్డారు. నేనే దేవుణ్ణి అన్న రాజు కథ ఎవరి మీద చెబుతున్నావు అని అడిగినారు. పురాణం అండి అన్నాను. ఇకమీదట పదిమంది కూడినట్టు తెలిస్తే గుడికి నిప్పు పెడతామన్నారు. నేను ఆ చోటే కథ ఆపేసి దీపం ఆర్పినాను. సున్నం లేదు, ఏమీ లేదు. నీకు చెబితే తల్లడిల్లుతావని గొంతు మీదికి తోసినాను. నేను కుట్టే ఖాకీ కూడా వాళ్ళదే. పాండును కొట్టినవాడు కూడా వాళ్ళవాడే.

నీ ఉత్తరం వచ్చిన వేళకు నేను ఇంట్లో లేను. కొలతలకని నన్ను పిలిపించుకున్నారు. ఈదయ్య ఉత్తరం పాండు చేతికి ఇచ్చినాడు. వాడు చదివి, మడిచి దేవుడి పటం ముందు పెట్టి, దేవమ్మతో, "అత్తా, అమ్మ కథ పూర్తి చెయ్యమన్నది" అని చెప్పి పోయినాడట. పట్టపగలే గుడి తలుపు తీసి దీపం పెట్టినాడు. మొదట యాదమ్మ ఒక్కతే కూర్చున్నది. తరువాత బజారు బజారంతా వచ్చింది. వాడు ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఏ రాజు పేరూ ఎత్తలేదు. నాయన చెప్పినట్టే చెప్పినాడని యాదమ్మ ఏడుస్తూ చెప్పింది.

స్తంభం దగ్గరికి వచ్చేసరికి లారీ వచ్చింది. వాళ్ళలో ఒకడు చేతికర్రతో గుడి స్తంభాన్ని కొట్టి, ఇందులో ఉన్నాడా నీ దేవుడు అన్నాడు. పాండు, "ఉన్నడు. నీ చేతిల కట్టెల గూడ ఉన్నడు" అన్నాడట. వెక్కిరింపుగా అనలేదట. అడిగినదానికి జవాబు చెప్పినట్టు అన్నాడట. ఆ కర్రతోనే కొట్టుకుంటూ తీసుకుపోయినారు.

బట్టలు పూర్తయ్యేదాకా నన్ను ఊరు దాటవద్దన్నారు. నువ్వే పోవాలి అక్కా. నేను చెప్పిన అబద్ధం నమ్మి నువ్వు నడిచి, వాణ్ణి కూడా నడిపించినావు. తప్పు నాది.

జానయ్య


కోదాడ
పుష్య శుద్ధ ఏకాదశి

తమ్ముడు జానయ్యకు,

పాండు ఇంట్లో ఉన్నాడు. పక్క గదిలో పడుకున్నాడు. నేను లేచి లేచి పోయి చూసి వచ్చి రాస్తున్నాను.

మిర్యాలగూడలో వాళ్ళ గేటు ముందు చాలా రోజులు కూర్చున్నాను. చివరికి అక్కడి పెద్ద నన్ను పిలిచి, నీ కొడుకు బజారులో నిలబడి తాను చెప్పిన కథ అబద్ధం, స్తంభంలో ఎవరూ లేరు అని ఒక్క మాట అంటే వదిలేస్తాం, లేకపోతే వాణ్ణి కన్నానన్న సంగతి మరచిపో అన్నాడు. పాండును చూడనిచ్చినారు. ఎడమ కాలు నేల మీద పెట్టలేకపోతున్నాడు. కన్ను వాచి మూసుకుపోయింది. నన్ను చూసి నవ్వినాడు. "నువ్వు జెప్పు అమ్మా. నువ్వు అనమంటే అంట" అన్నాడు.

అను బిడ్డా అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఆలోచించే తల్లి ఎవతె ఉంటుంది? వాడు ఎండలో బజారు మధ్య నిలబడి, నేర్పిన మాట నేర్పినట్టు అన్నాడు. నేను చెవులు మూసుకోలేదు. నా కొడుకు బతుకుతున్నాడు అనుకుంటూ ప్రతి అక్షరం విన్నాను.

అక్కడి నుంచి వాడపల్లి పోయి మొక్కు చెల్లించినాను. గుండు చేయించుకున్నాడు, మూసీ కృష్ణలో కలిసే చోట ముంచితే మునిగినాడు. గుడి మెట్ల దగ్గర ఆగిపోయినాడు. "లేడన్న గదమ్మా, ఇగ ఏం మొగం పెట్టుకోని లోపలికి పోవాలె" అన్నాడు. నేనొక్కదాన్నే పోయి దండం పెట్టుకుని వచ్చినాను.

నిన్ను తిట్టాలని ఉన్నది, తిడతాను. భయభక్తులు నేర్పమని పంపితే భక్తి నేర్పి భయం తీసేసినావు. చొక్కా సగం కుట్టి ఇవ్వడం నీకు అలవాటే. కానీ నిన్ను తిట్టిన ప్రతిసారి నా ఉత్తరం గుర్తుకు వస్తున్నది. ఎవరు అడ్డం వచ్చినా సరే అని రాసిన చెయ్యి నాది.

ఇంకొకటి. నువ్వు లోపల నన్ను తప్పుపడతావని తెలుసు, దేవుణ్ణి లేడనిపించింది కన్నతల్లే అని. అన్నిటిలో ఉన్నాడని చెప్పినవాడివి నువ్వే. స్తంభంలో ఉన్నవాడు, వాళ్ళ కట్టెలో ఉన్నవాడు, నా కొడుకును బతికించిన అబద్ధంలో మాత్రం ఉండడా? ఉంటాడు. బతికుంటే బలుసాకు తిని బతకవచ్చు. ఈ విషయంలో నాకు ఏ పురాణమూ చెప్పకు.

సక్కుబాయి


సూర్యాపేట
24 జనవరి 1948

అక్కకు నమస్కరించి,

పాండు బతికి వచ్చినాడు, నాకు అది చాలు. నిన్ను తప్పుపట్టే అర్హత నాకు ఏ కోశానా లేదు. నేనైతే వాళ్ళు అడగకముందే ఆ మాట అనేవాణ్ణి.

ఇక్కడ డప్పు కొట్టించి చాటింపు వేసినారు, కథ చెప్పినవాడే అబద్ధమని ఒప్పుకున్నాడని. ఇప్పుడు ఎవరూ భజన మాట ఎత్తడం లేదు. లారీ అవసరం కూడా లేకుండా పోయింది. యాదమ్మ నా దగ్గరికి వచ్చి, "పాండు అబద్ధమన్నడట, నిజమేనా? నా మొగడు సచ్చిపోయినంక నేను మల్ల లేసి అన్నం తిన్నది ఆ కథ ఇనే గదా. మరి గదంత ఏంది?" అని అడిగింది. పురాణం చెప్పేవాణ్ణి నేనే. మిషను తొక్కుతూ తల వంచుకున్నాను. ఆవిడ తిరిగి వెళ్ళిపోయింది. ఇప్పుడు గుడి ఊడ్చడం లేదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పాండును ఈ ఊరి పొలిమేర కూడా తొక్కనివ్వకు. బట్టల కోసం వచ్చినవాడు నవ్వుకుంటూ అన్నాడు, మీ అల్లుడు మళ్ళీ ఇక్కడ కనపడితే ఈసారి మిర్యాలగూడ దాకా తీసుకుపోయే శ్రమ పెట్టుకోము అని. ఆ నవ్వు నాకు ఇంకా కళ్ళ ముందు ఉన్నది. వాణ్ణి ఇంట్లో పెట్టుకో, సరిహద్దు దాటించు, ఏదన్నా చెయ్యి. ఈ ఉత్తరం వాడి కంట పడనివ్వకు.

జానయ్య


కోదాడ
పుష్య బహుళ పాడ్యమి

తమ్ముడు జానయ్యకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం వాడికి నేనే చదివి వినిపించినాను. ఇంతవరకు మనం ఒకరి నుంచి ఒకరం దాచి చేసుకున్నది చాలు.

అంతకుముందు వాడు ఎట్లా ఉన్నాడో నీకు రాయలేదు. తినమంటే తింటున్నాడు, లెమ్మంటే లేస్తున్నాడు, పడుకోమంటే కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాడు. నేను ఆడవాళ్ళకు కథ చెబుతుంటే లేచి దొడ్లోకి పోతున్నాడు. నీకు చెప్పినట్టే వాడికీ చెప్పినాను, ఆ అబద్ధంలో కూడా దేవుడున్నాడు బిడ్డా, మనసు కష్టపెట్టుకోకు అని.  "నిజమే అమ్మా. గా అబద్ధంల దేవుడున్నడు. నేనే లేను" అన్నాడు.

యాదమ్మ అడిగిన మాట చదివేసరికి లేచి కూర్చున్నాడు. ఆ నవ్వినవాడి మాట కూడా చదివినాను, దాచలేదు. ఆమెకు జవాబు చెప్పి రావాలన్నాడు. పోతానని అనలేదు చూడు. "నువ్వు అనమంటే అన్న. నువ్వు పొమ్మంటే పోత. వద్దంటే ఈడనే ఉంట" అన్నాడు. వద్దంటే నిజంగానే ఉంటాడు. ఎన్నేళ్ళయినా నా ముందే తిరుగుతూ ఉంటాడు, నేను పెడితే తింటూ. ఆ ఉండడం తలుచుకుంటే లారీని తలుచుకున్నప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

రెండు రోజులు నేను జవాబు చెప్పలేదు. దేవుణ్ణి ఏమీ అడగలేదు కూడా. ఏ మొక్కూ మొక్కలేదు. జీవితంలో మొదటిసారి ఉట్టి చేతులతో దీపం ముందు కూర్చున్నాను. ఇవాళ పొద్దున పద బిడ్డా అన్నాను.

బండి నేనే మాట్లాడినాను. నేనూ వస్తున్నాను, వాడి నోట కథ నేను ఇంతవరకు వినలేదు. ఈ కాగితం బస్సులో పోయే మనిషికి ఇస్తున్నాను, మాకంటే ముందు నీకు చేరుతుంది. నువ్వు ఆ పూటకు మిషను దగ్గరే ఉండిపోయినా నేనేమీ అనుకోను, దేవమ్మకు ఉన్నది నువ్వొక్కడివే. యాదమ్మకు మాత్రం కబురు చెయ్యి, ఇంట్లో ఉండమని.

పద అన్న తరువాత పాండు వంటింట్లోకి వచ్చి, ఆకలైతున్నది, అన్నం పెట్టు అన్నాడు. మిర్యాలగూడ నుంచి వచ్చినప్పటి నుంచి వాడు నోరు తెరిచి అడగడం ఇదే. పచ్చిపులుసు పోసుకుని తిన్నాడు, మళ్ళీ వడ్డించమన్నాడు, గిన్నె ఊడ్చి తిన్నాడు. నేను వాడి ఎదురుగా కూర్చుని ఏడుస్తూ చూసినాను. బండి వాకిట్లో కట్టి ఉన్నది.

సక్కుబాయి